సెల్లార్ గోడకు అడ్డంగా బీట, నీళ్ళు కూడా ఊరుతున్నాయి. ఎవరిని పిలవాలి?

ముప్పై_నలభై
ఆగస్టు 9, రాత్రి 10.18

అందరికీ నమస్కారం. మాది బెంగళూరులో హొరమావు దగ్గర ముప్పై బై నలభై సైటు. కింద సెల్లార్‌లో పార్కింగ్, పైన మూడు అంతస్తులు. 2013లో కట్టిన ఇల్లు, మేము 2019లో కొన్నాం. మొన్నటి వానల తర్వాత సెల్లార్ తూర్పు గోడకు పొడుగునా అడ్డంగా ఒక బీట కనిపించింది. గోడ ఎత్తు తొమ్మిది అడుగులు, బీట నేల నుంచి దాదాపు నాలుగు అడుగుల ఎత్తులో ఉంది. రూపాయి బిళ్ళ అంచు సులువుగా దూరుతోంది. కింద ప్లాస్టర్ ఉబ్బి తెల్లగా ఉప్పు పూసింది. వాన పడిన మర్నాడు గోడ మొదట్లో నీళ్ళు ఊరి కారు టైర్ల దాకా వస్తున్నాయి.

ఇద్దరిని పిలిచి చూపించాను. ఒకాయన గోడకు రంధ్రాలు వేసి కెమికల్ ఎక్కించి పైన రెండు కోట్లు కొడతానన్నాడు. లక్షా నలభై వేలు, పదేళ్ళ వారంటీ అట. ఇంకొకాయన ప్లాస్టర్ మొత్తం ఊడగొట్టి కోళ్ళ జాలీ కొట్టి మళ్ళీ ప్లాస్టర్ చేస్తే చాలు, అరవై వేలు అన్నాడు. ఇద్దరూ గోడను ఒకసారి తట్టి చూసి రేటు చెప్పేశారు. ఎవరి మాట వినాలో అర్థం కావడం లేదు. మా అమ్మ మాత్రం తూర్పున నీళ్ళు ఉంటే మంచిదే అంటోంది.


రేటెంత_బాస్
ఆగస్టు 9, రాత్రి 10.41

లక్షా నలభై చాలా ఎక్కువ బాస్. బేరం ఆడండి, తొంభైకి వస్తాడు. మా కసవనహళ్ళి ఇంట్లో ఇలాగే చెమ్మ వస్తే లోపలి నుంచి కోటింగ్ కొట్టించాం. ఇప్పటిదాకా చుక్క లేదు.


కాలమ్_బీమ్
ఆగస్టు 9, రాత్రి 11.30

ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి. ముందు మూడు విషయాలు చెప్పండి. ఆ గోడ ఆర్‌సీసీయా (ఇనుప ఊచలు వేసి పోసిన కాంక్రీటు), సాలిడ్ కాంక్రీటు బ్లాకా, సైజు రాయా (చెక్కిన రాయి)? ఒక చోట ప్లాస్టర్ చెక్కితే తెలిసిపోతుంది. గోడ లోపలికి పొట్ట వేసిందా? పైనుంచి దారానికి గుండు కట్టి వేలాడదీసి, దారానికీ గోడకీ మధ్య ఎంత ఎడం ఉందో పైనా మధ్యలో కిందా కొలవండి. ఇక మూడోది, గోడ అవతల ఏముంది? రోడ్డా, ఇల్లా, ఖాళీ సైటా?

ఇవి ఎందుకు అడుగుతున్నానంటే, బీట ఎంత వెడల్పుగా ఉందో కన్నా ఎటు సాగుతోందన్నదే ఎక్కువ చెబుతుంది. ప్లాస్టర్ మీద వలలాగా సన్నటి గీతలు వస్తే అది ప్లాస్టర్ ఆరడంలో తేడా, భయపడాల్సింది ఏమీ లేదు. కాలమ్ పక్కన నిలువుగా గీత వస్తే కాంక్రీటూ ఇటుకా కలిసే చోట అది మామూలే. మూల నుంచి మెట్లు మెట్లుగా ఎక్కితే పునాది ఒక పక్క దిగుతోందేమో చూడాలి. మట్టిని ఆపుతున్న గోడకు సగం ఎత్తులో అడ్డంగా పగిలిందంటే మాత్రం అవతలి నుంచి తోపుడు ఎక్కువై గోడ వంగుతోందని అర్థం. దీన్ని వాటర్‌ప్రూఫింగ్ వాళ్ళకు అప్పజెప్పకూడదు. నీళ్ళు కారడం పైకి కనిపించేది మాత్రమే.

తోపుడు అంటే ఎంతో ఒక లెక్క చెబుతాను. గోడ వెనక ఐదు అడుగుల ఎత్తున నీళ్ళు నిలిస్తే, రెండు కాలమ్‌ల మధ్య 12 అడుగుల పొడవున్న గోడ మీద నీటి బరువే నాలుగు టన్నులకు పైగా తోస్తుంది. ఎత్తు పది అడుగులైతే ఎనిమిది టన్నులు కాదు, దాదాపు 17 టన్నులు. ఎత్తు రెట్టింపైతే తోపుడు నాలుగింతలు. మట్టి తోపుడు దీనికి అదనం. ఈ బరువు ముందు రంగు డబ్బా ఏం చేస్తుంది?


రేటెంత_బాస్
ఆగస్టు 10, ఉదయం 7.05

> ఈ బరువు ముందు రంగు డబ్బా ఏం చేస్తుంది?

సార్, మీ ఇంజినీర్లు ప్రతిదాన్నీ పెద్దది చేసి చెబుతారు. బెంగళూరులో సగం ఇళ్ళ సెల్లార్లలో చెమ్మ ఉంది. అన్నీ కూలిపోయాయా? మామూలు మనిషికి కన్సల్టెంట్ ఫీజు, టెస్టుల ఫీజు అంటే పని మొదలవకముందే డబ్బులు అయిపోతాయి.


కాలమ్_బీమ్
ఆగస్టు 10, ఉదయం 8.20

చెమ్మ వేరు, అడ్డ బీట వేరు. మీ ఇంట్లో చెమ్మ మాత్రమే ఉంది, గోడ నిలకడగా ఉంది, కోటింగ్ పట్టింది. సంతోషం. వీళ్ళ గోడ కదులుతోందేమో అన్నది నా అనుమానం. కదిలే గోడ మీద ఏ పూత వేసినా గోడతోపాటే పగులుతుంది. పైగా తడి లోపలికి రాకుండా మూసేస్తే గోడ వెనక నీటి మట్టం ఇంకా పెరుగుతుంది. ఇప్పుడు కారుతున్న ఆ కాస్త నీళ్ళే గోడకు ఊపిరి.

ఇంజెక్షన్ గురించి కూడా ఒక మాట. ఒక రకాన్ని పీయూ (పాలీయురేథేన్) అంటారు, నీళ్ళు తగలగానే నురగలా పొంగి దారి మూస్తుంది. ఊట ఆపడానికి బాగుంటుంది, బలం మాత్రం ఇవ్వదు. ఇపాక్సీ అయితే పగిలిన కాంక్రీటును అతికిస్తుంది. కానీ బీట పొడిగా ఉండాలి, కదలడం ఆగిపోయి ఉండాలి. ఏది ఎక్కిస్తానన్నాడో మీ కాంట్రాక్టర్‌ను అడగండి. 'కెమికల్' అని మాత్రమే అంటే నమస్కారం పెట్టి పంపేయండి.


చిత్తూరు_బుల్లెట్
ఆగస్టు 10, ఉదయం 8.32

అమ్మ చెప్పింది కరెక్టే అన్నా. తూర్పున నీళ్ళు, కింద కారు. స్విమ్మింగ్ పూల్ అని రాసి అద్దె పెంచేయ్.


అనంత_వాన
ఆగస్టు 10, మధ్యాహ్నం 1.15

మాది కోరమంగల వైపు అపార్ట్‌మెంట్, పాత చెరువు కిందికి వచ్చే చోటు. ఏటా వానాకాలంలో సెల్లార్‌తో కుస్తీయే. మా దగ్గర గోడ బాగానే ఉంది. కానీ బిల్డింగ్ కింద పునాదిగా పరిచిన రాఫ్ట్ స్లాబూ గోడా కలిసే జాయింట్ నుంచి నీళ్ళు వచ్చేవి. ఒక కంపెనీ వాళ్ళు అక్కడ ఇంజెక్షన్ చేశారు, ఆగింది. తర్వాతి వానకు పది అడుగుల అవతల మొదలైంది. అక్కడ చేస్తే లిఫ్ట్ గుంటలో ఊరింది. నీళ్ళను తరుముకుంటూ బిల్డింగ్ చుట్టూ తిరిగాం, బిల్లులు కట్టుకుంటూ. చివరికి అసోసియేషన్‌లో ఒక రిటైర్డ్ ఇంజినీర్ అంకుల్ గట్టిగా పట్టుబట్టి, సెల్లార్ లోపలే గోడ వెంబడి కాలువ తీయించి, ఊట నీళ్ళ కోసం కట్టిన సంపులోకి (తోడేసే గుంట) మళ్ళించారు. నీళ్ళు రావడం ఆగలేదు. వచ్చిన నీళ్ళు ఎటు పోవాలో అటు పోతున్నాయి, అంతే. మాకు అది చాలు.

కొత్త అపార్ట్‌మెంట్ల వాళ్ళు ఎవరైనా చదువుతుంటే ఇది గుర్తుంచుకోండి. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్, మూడో ఉపసెక్షన్ ప్రకారం, ఫ్లాట్ చేతికిచ్చిన నాటి నుంచి ఐదేళ్ళలోపు స్ట్రక్చర్ లోపం బయటపడి మీరు తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. మాది అంతకన్నా పాతది కాబట్టి మాకు పనికిరాలేదు. ఫోన్లో చెప్పి ఊరుకోకండి, ఈమెయిల్ పెట్టండి, తేదీ ఉండాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. సెల్లార్‌లో నీళ్ళు నిలిస్తే మోటారు పట్టుకుని దిగేముందు మెయిన్ ఆపండి. 2025 మేలో బీటీఎం లేఅవుట్ వైపు ఎన్.ఎస్.పాళ్యలో ఒక అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ నీళ్ళు తోడుతూ కరెంట్ షాక్‌తో ఇద్దరు పోయారు. అందులో ఒకరు పన్నెండేళ్ళ పిల్లాడు. మా దగ్గర అప్పటినుంచి పంపు స్విచ్చి, మీటర్లు అన్నీ గ్రౌండ్ ఫ్లోర్‌కు మార్చేశాం.


ముప్పై_నలభై
ఆగస్టు 10, రాత్రి 9.50

కాలమ్_బీమ్ గారూ, మీరు చెప్పినట్టే చూశాను.

ప్లాస్టర్ చెక్కితే లోపల ఎనిమిది అంగుళాల సాలిడ్ బ్లాక్ వచ్చింది. కాలమ్‌కూ కాలమ్‌కూ మధ్య దాదాపు 12 అడుగులు. గుండు వేలాడదీసి కొలిస్తే మధ్యలో 22 మిల్లీమీటర్లు లోపలికి వచ్చి ఉంది. మిగతా మూడు గోడలు నిటారుగానే ఉన్నాయి.

అవతల ఖాళీ సైటు. మేము కొన్నప్పుడు అది రోడ్డు కన్నా పల్లంగా ఉండేది. పోయిన సంవత్సరం ఎవరో పునాది తవ్విన మట్టీ శిథిలాలూ లారీలతో తెచ్చి అందులో పోశారు. ఇప్పుడు రోడ్డు కన్నా రెండు అడుగులు ఎత్తుగా ఉంది. వాన పడితే ఆ నీళ్ళన్నీ మా కాంపౌండ్ పక్కకే జారి నిలుస్తాయి.

ఇంకొకటి, మా వాన నీటి ఇంకుడు గుంత కూడా ఆ వైపే ఉంది, గోడకు మూడు అడుగుల దూరంలో.


కాలమ్_బీమ్
ఆగస్టు 10, రాత్రి 10.25

మీ ప్రశ్నకు జవాబు మీరే రాశారు. రెండు కాలమ్‌ల మధ్య బ్లాకు గోడ కట్టి దాని వెనక మట్టి నింపడం బెంగళూరు సైట్లలో మామూలైపోయింది. బ్లాకు గోడ పైనుంచి వచ్చే బరువును మోస్తుంది, పక్క నుంచి వచ్చే తోపుడును మోయలేదు. లోపల ఇనుము లేదు కదా, వంగితే ఇవతలి ముఖం సాగి పగులుతుంది. అయినా ఇన్నేళ్ళు నిలిచింది, ఎందుకంటే అవతల పల్లంగా ఉండి నీరు నిలవలేదు. ఇప్పుడు మట్టి ఎత్తు పెరిగింది, నీరు నిలిచింది, మీ ఇంకుడు గుంత కూడా దానికి సాయం చేస్తోంది.

ఈ రాత్రికే చేయాల్సినవి చెబుతాను. ఆ గోడ పక్క నుంచి బండ్లు తీసేయండి, పిల్లల్ని అటు ఆడనివ్వకండి. ఇంకుడు గుంతకు వచ్చే పైపును తాత్కాలికంగా వేరే వైపు మళ్ళించండి. అవతల సైటులో నిలిచిన నీళ్ళు ఎలాగైనా తోడించండి. వాన ఆగేదాకా గోడకు లోపలి నుంచి ఏ రిపేరూ చేయించవద్దు, ప్లాస్టర్ కూడా పెద్దగా చెక్కవద్దు.

రేపే ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలవండి. వాటర్‌ప్రూఫింగ్ కంపెనీ పంపే మనిషిని కాదు, పని మీద కమీషన్ లేని వాణ్ణి. ఫీజు ఇచ్చి రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోండి.


పాలమూరు_తాపీ
ఆగస్టు 11, ఉదయం 6.10

సార్ చెప్పింది నిజం. నేను ఇక్కడ చాలా ఏళ్ళుగా తాపీ పని చేయిస్తున్నాను, ఇలాంటి గోడలు చూశాను. నాలుగు మాటలు చెబుతా.

బీట కదులుతోందా ఆగిందా తెలియాలంటే గాజు ముక్క అంటించండి. సన్నటి గాజు పలకను బీటకు అడ్డంగా పెట్టి రెండు చివర్లా సిమెంటుతో గానీ ఇపాక్సీతో గానీ అతికించి, పక్కన తేదీ రాయండి. గోడ కదిలితే గాజు పటుక్కున పగులుతుంది. ప్లాస్టర్ మీద కాదు, బ్లాకు మీద అతికించాలి. గోడకు రెండు మూడు చోట్ల పెట్టండి.

గోడకు ఏటవాలుగా జాకీలు (ఆసరాగా పెట్టే ఇనుప పోట్లు) పెట్టించండి. మామూలుగా స్లాబుకు పెట్టినట్టు నిలువుగా పెడితే లాభం లేదు. గోడ మీద నిలువుగా పలకలు వేసి, వాటి మీదికి జాకీ వాలుగా రావాలి, కింది కొస జారకుండా నేలలో దిమ్మె కట్టాలి. జాకీ తిప్పి గోడను వెనక్కు నెట్టాలని చూడొద్దు. చాలామంది చేసే తప్పు అది. తడి మట్టి వెనక్కు పోదు, బ్లాకులే విరుగుతాయి. గోడను తాకి ఆపడం వరకే.

పక్క సైటు మట్టి తీయిస్తే జేసీబీని గోడ దగ్గరకు రానీయకండి. బండి బరువే గోడ మీద పడుతుంది. దూరం నుంచి తీయించి, గోడ దగ్గరది గడ్డపారలతో మనుషులే పైనుంచి పొరలు పొరలుగా తీయాలి. కిందికి ఒక్కసారి లోతుగా తవ్వితే పునాది కింద మట్టి జారుతుంది. పునాది దాకా పోవాల్సి వస్తే మూడు నాలుగు అడుగుల ముక్కలుగా, ఒకటి తవ్వి ఒకటి వదిలి తవ్వాలి. తవ్వినది కట్టి ఆరాకనే పక్కది తవ్వాలి.


గాంధీబజార్_దోసె
ఆగస్టు 11, ఉదయం 11.40

సంబంధం ఉన్న ప్రశ్నే, ఇక్కడే అడుగుతున్నా. బసవనగుడిలో మా మామగారి పాత ఇల్లు, సెల్లార్ లేదు, సైజు రాళ్ళ పునాది. పక్కవాళ్ళు పాత ఇల్లు పడగొట్టి సెల్లార్ కోసం మా గోడ అంచు దాకా తవ్వారు. మా పక్క గదిలో కిటికీ మూల నుంచి మెట్లుగా బీట వచ్చింది. అడిగితే 'మా సైటులో మేము తవ్వుకున్నాం, స్వల్ప అడ్జస్ట్ మాడి (కాస్త సర్దుకోండి)' అంటున్నారు.


వకాల్తా
ఆగస్టు 11, మధ్యాహ్నం 12.55

తన సైటే అయినా ఇష్టం వచ్చినట్టు తవ్వే హక్కు లేదండి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 7వ సెక్షన్‌లోనే, పక్క నేల ఇచ్చే సహజమైన ఆసరా ప్రతి నేల యజమానికీ హక్కు అని ఉంది. కాకపోతే అది నేలకు సంబంధించింది, దాని మీద కట్టిన ఇంటికి కాదు. ఇంటి బరువుతో సహా ఆసరా పొందే హక్కుకు 15వ సెక్షన్ చూడాలి. ఇరవై ఏళ్ళు ఆటంకం లేకుండా ఆసరా పొందుతూ వచ్చి ఉండాలి. మీది పాత ఇల్లు కాబట్టి ఆ కాలం దాటే ఉంటుంది.

కోర్టు దాకా వెళ్ళేలోపు ఇల్లు కాపాడుకోవాలి కదా. ఫోటోలు తీయండి, ప్రతి ఫోటోలో బీట పక్కన స్కేలు పెట్టండి. లాయర్ నోటీసు ఇచ్చి, కార్పొరేషన్‌కు కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. తవ్వకం ఆపాలని కోర్టులో ఇంజంక్షన్ (ఆపే ఉత్తర్వు) అడగాల్సి వస్తే ఇవే పనికొస్తాయి.


కాలమ్_బీమ్
ఆగస్టు 11, మధ్యాహ్నం 2.30

గాంధీబజార్ గారూ, సైజు రాళ్ళ పునాదికి ఇనుము ఉండదు, బరువును మట్టి మీద పరిచి నిలబడుతుంది. పక్కన నిట్టనిలువుగా తవ్వి వదిలేస్తే ఆ మట్టి గోతిలోకి జారుతుంది, పునాది దానితోపాటు దిగుతుంది. వాళ్ళు తవ్విన అంచును వెంటనే మట్టి బస్తాలతో దన్ను పెట్టమనండి. ఆ గది ఖాళీ చేయండి. ఇది వాన రాకముందు జరగాల్సిన పని.


మడిపాక్కం_వాసి
ఆగస్టు 11, సాయంత్రం 5.20

చెన్నై నుంచి. మా వైపు కథే వేరు. బంకమట్టి నేల. మే నెల ఎండకు మట్టి కుంచించుకుని గోడలు బీటలు వారతాయి, నవంబరు వానలకు మట్టి ఉబ్బి అవే బీటలు మూసుకుంటాయి. ఎండాకాలంలో నింపిన వాళ్ళకు వానాకాలంలో కొత్త చోట పగులుతుంది. అందుకే ఇక్కడ చాలామంది అండర్‌రీమ్డ్ పైల్స్ వేస్తారు, అంటే నేలలోకి దించే పునాది స్తంభాలు, కింద గంటలాగా వెడల్పయ్యేవి, మట్టి ఉబ్బూ తగ్గూ అందని లోతు దాకా. మీ బెంగళూరు ఎర్రమట్టి అంతగా ఉబ్బదు. చెన్నై యూట్యూబ్ వీడియోలు చూసి బెంగళూరులో పని చేయించకండి, అటుది ఇటు, ఇటుది అటు పనికిరాదు.


రేటెంత_బాస్
ఆగస్టు 11, రాత్రి 8.45

సరే, గోడ సంగతి ఒప్పుకున్నా. కానీ నీళ్ళు వాననీళ్ళేనని ఎలా చెబుతారు? కావేరి కుళాయి నీళ్ళ పైపు లీకైనా ఇలాగే వస్తుంది కదా. మా వీధిలో ఒకరికి అలాగే అయింది.


కాలమ్_బీమ్
ఆగస్టు 11, రాత్రి 9.30

మంచి ప్రశ్న. వీళ్ళకు వాన పడిన మర్నాడే వస్తోంది కాబట్టి వాననీళ్ళ మీదే అనుమానం ఎక్కువ. ఏడాది పొడుగునా వచ్చేవాళ్ళు మాత్రం ఇలా చూసుకోవచ్చు. రాత్రి అన్ని కుళాయిలూ మూసి, కుళాయి నీళ్ళు నింపుకునే సంపులోకి వచ్చే వాల్వు కూడా కట్టి మీటరు చూడండి. తిరుగుతుంటే మీటరుకూ సంపుకూ మధ్య మీ పైపే కారుతోంది. సంపు నిండా నింపి, పంపు వేయకుండా మట్టానికి గీత పెట్టి పొద్దున చూస్తే సంపు సంగతి తెలుస్తుంది. సంపు గోడ లీకు చాలామందికి తట్టదు. బయటి పైపు అనుమానమైతే ఊరిన నీళ్ళలో క్లోరిన్ చూడొచ్చు, ఈతకొలనుల వాళ్ళు వాడే కిట్ చాలు. రెండు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తే కుళాయి నీళ్ళు. రాకపోతే కాదని మాత్రం అనలేం, మట్టిలో నుంచి వచ్చేటప్పుడు క్లోరిన్ ఖర్చయిపోతుంది.

అసలు నీళ్ళు బయటి నుంచి వస్తున్నాయా, గాలిలో తేమ చల్లటి గోడకు పట్టి చెమర్చుతోందా అన్నది తేలాలంటే రెండు అడుగుల పాలిథిన్ షీటు గోడకు నాలుగు వైపులా టేపు వేసి ఒకటి రెండు రోజులు వదిలేయండి. షీటు వెనక తడి ఉంటే గోడలో నుంచి, ముందు వైపు తడి ఉంటే గాలిలో నుంచి. రెండో రకానికి వాటర్‌ప్రూఫింగ్ చేయించి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు కావాల్సింది ఎగ్జాస్ట్ ఫ్యాన్.


ముప్పై_నలభై
ఆగస్టు 24, రాత్రి 9.15

ఆలస్యానికి ఏమీ అనుకోకండి, పనిలో పడిపోయాను. జాకీలు పెట్టించాం. గాజు పలకలు పెట్టిన తర్వాత వచ్చిన మొదటి పెద్ద వానకే మధ్యలోది పగిలింది. అది చూశాక ఇంట్లో ఎవరూ వాస్తు మాట ఎత్తలేదు.

పక్క సైటు ఓనర్ హోసూరులో ఉంటారు. పోట్లాడదామనే వెళ్ళాను. ఆయనకు మట్టి పోసిన సంగతే తెలియదట, బ్రోకర్ ఎవరో లారీల వాళ్ళకు అనుమతి ఇచ్చాడట. ఫోటోలు చూపిస్తే మట్టి తీయించడానికి ఒప్పుకున్నారు, ఖర్చు చెరిసగం. కాగితం మీద రాయించుకున్నాను.

స్ట్రక్చరల్ ఇంజినీర్ వచ్చి చూశారు. రెండు దారులు చెప్పారు. ఒకటి, గోడకు లోపలి వైపు నాలుగైదు అడుగులకొక ఐ-సెక్షన్ (ఇంగ్లీషు I ఆకారపు) స్టీలు స్తంభం నిలబెట్టి, కింద నేలకూ పైన స్లాబు బీముకూ బిగించడం. రెండు, పాత గోడ ముందు ఆరు అంగుళాల ఆర్‌సీసీ గోడ కొత్తగా పోయడం. రెండోది ఖర్చు ఎక్కువ, పార్కింగ్ కూడా ఆరు అంగుళాలు తగ్గుతుంది. మాకు మీ అభిప్రాయం కావాలి.


కాలమ్_బీమ్
ఆగస్టు 24, రాత్రి 11.05

చూసిన ఆయన మాటే ఫైనల్. నా వరకు చెప్పాలంటే ఆర్‌సీసీ గోడే. అవతల రేపు ఎవరో ఒకరు ఇల్లు కడతారు, మళ్ళీ మట్టి నింపుతారు. స్టీలు స్తంభాల మధ్య ఉండేది ఆ పగిలిన బ్లాకే, పైగా తడి చోట స్టీలుకు తుప్పు భయం. ఎప్పుడూ పెయింట్ చేస్తూ ఉండాలి.

ఆర్‌సీసీ అయితే కొన్ని చూసుకోండి. కొత్త గోడ ఊరికే పాత గోడకు ఆనించి నిలబెడితే లాభం లేదు. తోపుడు కింద నేలకూ పైన స్లాబుకూ చేరాలి. అంటే కింద పునాది బీములోకీ పైన బీములోకీ రంధ్రాలు వేసి, కెమికల్‌తో అతికించి ఊచలు దించాలి. డ్రిల్ చేసిన రంధ్రంలో దుమ్ము ఉంటే కెమికల్ పట్టదు. బ్రష్ పెట్టి, గాలి కొట్టి, మళ్ళీ బ్రష్ పెట్టి శుభ్రం చేశాకే ఊచ దించాలి. ఈ ఒక్క పని దగ్గర మీరు స్వయంగా నిలబడండి. లేబర్ తొందరలో దుమ్ముతోనే గుచ్చేస్తారు, బయటికి ఏమీ తెలియదు. అలాగే ఆ తోపుడును మీ పై బీములు మోయగలవా, కొత్త గోడ బరువును కింది పునాది తట్టుకుంటుందా అన్నది లెక్క వేశారో లేదో అడగండి.

పాత గోడకూ కొత్త గోడకూ మధ్య డ్రైనేజ్ షీటు పెట్టించండి. బుడిపెలు బుడిపెలుగా ఉండే ప్లాస్టిక్ షీటు. ఊరిన నీళ్ళు దాని వెనక జారి కింద రంధ్రాల పైపులోకి, అక్కడి నుంచి ఊట నీళ్ళ కోసం వేరే కట్టిన సంపులోకి పోవాలి. గోడ వెనక నీరు నిలవకపోతే నేను మొదటి రోజు చెప్పిన టన్నుల్లో చాలా భాగం ఉండదు.


పాలమూరు_తాపీ
ఆగస్టు 25, ఉదయం 6.30

ఇరుకు గోడకు కాంక్రీటు పోసేటప్పుడు తొమ్మిది అడుగుల పైనుంచి ఒకేసారి పడేస్తే కంకర కిందికి, సిమెంటు పాలు పైకి పోతాయి. కింద తేనెపట్టులాగా బొక్కలు వస్తాయి, నీళ్ళు అక్కడి నుంచే దూరతాయి. సెంట్రింగ్ పలకలో మధ్య ఎత్తున కిటికీ వదిలి అక్కడి నుంచి సగం పోసి, మూసి, పైనుంచి మిగతాది పోయమనండి. సన్న సూది వైబ్రేటర్ తప్పనిసరి. అడుగున అడ్డంగా జాయింట్ వస్తే నీటిని ఆపే పట్టీ పెట్టాలి. పలకలు బిగించే రాడ్లు గోడలో నుంచి పోతాయి, అవి తీశాక ఆ రంధ్రాలు పూడ్చడం మర్చిపోతారు.

క్యూరింగ్ గోడకు కష్టం, నీళ్ళు నిలవవు. గోనె పట్టాలు కట్టి తడుపుతూ ఉండండి. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటైతే పది. ఇప్పుడు దొరికేది ఎక్కువగా ఆ రెండో రకమే. మూడో రోజే గోనెలు తీసేసే మేస్త్రీని నమ్మొద్దు.


గాంధీబజార్_దోసె
ఆగస్టు 25, ఉదయం 10.15

మా వైపు కూడా కాస్త ముందుకు జరిగింది. నోటీసు వెళ్ళగానే వాళ్ళ బిల్డర్ మట్టి బస్తాలు పేర్పించాడు. ఇప్పుడు అంచున మైక్రోపైల్స్ (నేలలోకి దించే సన్నటి స్తంభాలు) వేశాకే మిగతా తవ్వకం అంటున్నాడు. మా బీట మీద పెట్టిన గాజు ఇంకా పగల్లేదు. వకాల్తా గారికి మా ఇంట్లో బెణ్ణె దోసె బాకీ.


అనంత_వాన
ఆగస్టు 25, మధ్యాహ్నం 12.40

ముప్పై_నలభై గారూ, పక్క సైటు మట్టి తీశాక మీ వైపు గోడ బయట కనబడుతుంది కదా, ఆ అవకాశం వదులుకోకండి. నీళ్ళు వచ్చే వైపు నుంచి పూత వేస్తే నీటి ఒత్తిడే దాన్ని గోడకు అదుముతుంది. లోపలి నుంచి వేస్తే అదే ఒత్తిడి ఊడదీస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో బయట తవ్వే వీలు లేక ఆ దారి దొరకలేదు.


కాలమ్_బీమ్
ఆగస్టు 25, మధ్యాహ్నం 1.30

అవును. బయట ప్లాస్టర్ చేసి పూత వేసి, పూత గీసుకుపోకుండా పైన ఏదైనా రక్షణ పొర పెట్టండి. పాతకాలంలో దానికి షాబాద్ బండలు గానీ కడప బండలు గానీ చుట్టూ కట్టేవాళ్ళు, బాక్స్ పద్ధతి అని. ఇప్పుడు షీట్లు వస్తున్నాయి. మళ్ళీ మట్టి నింపేటప్పుడు శిథిలాలు పోయనివ్వకండి. గోడ పక్క అడుగు వెడల్పున కంకర, దానికి చుట్టూ నీళ్ళను వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, పైన ఒక అడుగు బంకమట్టి, వాలు గోడ నుంచి అవతలికి. ఇంకుడు గుంతను మాత్రం సైటులో ఇంకో మూలకు, గోడలకు దూరంగా మార్చండి.


ముప్పై_నలభై
సెప్టెంబర్ 21, రాత్రి 8.30

ఆర్‌సీసీకే వెళ్ళాం. మట్టి తీశారు, బయట పూత అయింది, లోపల కాంక్రీటు పోశారు, గోనెలు ఇంకా కట్టే ఉన్నాయి. పైపు సంపు దాకా వచ్చింది. నిన్నటి వానకు సంపులో అడుగు ఎత్తున నీళ్ళు చేరాయి, నేల పొడిగానే ఉంది. మొత్తం ఖర్చు మొదటి కొటేషన్‌కు మూడింతలు దాటింది. పార్కింగ్‌లో ఇప్పుడు కారు పెట్టాక డ్రైవర్ వైపు తలుపు సగమే తెరుచుకుంటుంది.

ఒక్క సందేహం మిగిలింది. సంపు నుంచి పంపు కొట్టే నీళ్ళు ఎక్కడికి వదలాలి? ప్లంబర్ ఇంటి మురుగు లైనులో కలిపేస్తానంటున్నాడు, దగ్గర కాబట్టి.


పాలమూరు_తాపీ
సెప్టెంబర్ 21, రాత్రి 9.05

వద్దన్నా. వాననీళ్ళు యూజీడీలో (భూగర్భ మురుగు లైను) కలపకూడదు, రూల్ కూడా అదే. పెద్ద వానకు ఆ లైను నిండి మురుగు వెనక్కు తన్నుతుంది, అప్పుడు మీ సెల్లార్‌లోకే వస్తుంది. రోడ్డు పక్క వాన కాలువలోకి వదలండి. పైపులో వెనక్కు రాకుండా నాన్‌రిటర్న్ వాల్వు పెట్టించండి. పంపుకు ఫ్లోటు స్విచ్చి (నీటి మట్టం పెరిగితే దానంతటదే ఆన్ అయ్యేది), దాని ప్లగ్గు నేల మీద కాకుండా పైన. కరెంటు పోతే ఏం చేస్తారో కూడా ఇప్పుడే అనుకోండి, పెద్ద వాన వచ్చినప్పుడే అది పోతుంది.